లేవని గేటు

హగిదా స్టేషను పక్కనున్న రైల్వే గేటుని తిట్టని మనిషి ఆ చుట్టుపక్కల ఎవరైనా ఉండేవారా అంటే, ఒక్క మిత్సుయో తప్ప ఇంకెవరూ లేరు. సాయంత్రమైందంటే చాలు, టంగ్ టంగ్ టంగ్ మని గంట కొట్టుకుంటూ పసుపు నలుపు చారల కర్ర కిందికి దిగేది. నగరం నుంచి ఒక రైలు వచ్చేది. అది కదిలేలోపు నగరానికి పోయేది ఇంకోటి వచ్చేది. దాని తోక కనుమరుగు కాకముందే, హగిదాలో ఆగడం నామోషీ అన్నట్టు ఎక్స్‌ప్రెస్సు దుమ్ము రేపుకుంటూ పోయేది. కర్ర సగం లేచి, జనం ఒక అడుగు ముందుకేశారో లేదో మళ్ళీ టంగ్ టంగ్. అందుకే దాన్ని అందరూ ‘లేవని గేటు’ అనేవాళ్ళు. సైకిలు బుట్టల్లో ఉల్లికాడలు వేసుకున్న ఇల్లాళ్ళు, టై వదులు చేసుకున్న ఆఫీసు మగాళ్ళు, ట్యూషన్లకి పరిగెత్తే పిల్లలు, అందరూ ఆ కర్ర ముందు నిలబడి దాన్ని నోటికొచ్చినట్టు తిట్టుకునేవాళ్ళు.

మిత్సుయో ఎందుకు తిడుతుంది? ఆవిడకి అన్నం పెట్టిందే ఆ గేటు. గేటుకి దక్షిణం వైపు, కర్రని ఆనుకుని మొదటి కొట్టు ఆవిడదే. భర్త నెమొతో ఉన్నంతకాలం అది మాంసం కొట్టు. ఆయన పోయాక ఆ పెద్ద కత్తి ఎత్తడం తన వల్ల కాక, ఒక్క కొరొక్కెలే వేయిస్తూ వచ్చింది. ఉడికిన బంగాళాదుంప మెదిపి, కాస్త కీమా, ఉల్లిపాయ కలిపి, రొట్టెపొడి అద్ది నూనెలో వేసిందంటే ఆ ఘుమఘుమ తిన్నగా గేటు దగ్గరవాళ్ళ ముక్కుల్లోకే పోయేది. ఆకలేసే వేళ, ఎదురుగా రైలు, కదలడానికి లేదు, పక్కనేమో బాణలి. ఎంత పిసినారైనా ఎంతసేపని ఓర్చుకుంటాడు చెప్పండి!

అయితే బాణలిలోంచి తీసిన మొదటి కొరొక్కె మాత్రం అమ్మకానికి కాదు. కొట్టు వెనక గదిలో నల్లచెక్క గూడు ఉంది, అందులో నెమొతో ఫొటో. దాని ముందు ఆ మొదటి కొరొక్కె పెట్టి, చిన్న గంట మోగించి, చేతులు జోడించాకే ఆవిడ కొట్టు తెరిచేది. అక్కడ పోయినవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ చేసే పనే అది.

గేటు దగ్గర ఆగేవాళ్ళలో మినకుచి గారొకరు. ఏటి గట్టున డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే మాస్టారు. బూడిదరంగు టోపీ, ఎండైనా వానైనా ఇస్త్రీ చెడని చొక్కా. ఊళ్ళో కుర్రకారు అందరికీ ‘కుడి చూడు, ఎడమ చూడు, మళ్ళీ కుడి చూడు’ అని చెప్పీ చెప్పీ ఆ మాట ఆయన ఒంట్లోకే దిగిపోయింది. గేటు లేచి జనమంతా బిలబిలమంటూ దాటేస్తుంటే, ఈయన మాత్రం గీత దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, వేలు చూపించి నిర్ధారించుకుని మరీ దాటేవారు. ఆఖరికి కొరొక్కె కొరికే ముందు కూడా మెడ అటూ ఇటూ తిరిగేది.

“మాస్టారూ, కొరొక్కె మీదికి కారేం రాదండీ, తినండి!” అనేది మిత్సుయో.

“రాదులే అనుకున్నవాళ్ళే గుద్దేస్తారండీ, నెమొతో గారూ” అనేవారాయన, ఆవిడని భర్త ఇంటిపేరుతో పిలుస్తూ, మొహంలో నవ్వన్నది లేకుండా. తర్వాత టోపీ కింద చెవులు ఎర్రబడేవి.

రోజూ రెండు కొనేవారు. ఒకటి గేటు ముందు నిలబడి తినేవారు, రెండోది కట్టించుకునేవారు. మొదటిరోజే అడిగింది మిత్సుయో, ఎవరికండీ అని. “ఇంట్లో ఆవిడకి” అన్నారు. అంతే, ఆ రోజు నుంచీ మిత్సుయో ఆ రెండోదాన్ని ప్రత్యేకంగా ఏరి, ఎక్కడా పగుళ్ళు లేనిది, రంగు బాగా తిరిగినది చూసి, కాగితంలో చుట్టి ఇచ్చేది.

“నిన్నటిది ఆవిడకి నచ్చిందాండీ?”

“ఏమీ అనలేదండీ.”

“కీమా ఎక్కువేశాను కదా, అదైనా...”

“ఆవిడ ఎప్పుడూ ఏమీ అనదండీ.”

అబ్బో, ఎంత పొగరు! అనుకునేది మిత్సుయో. మొగుడు రోజంతా కుర్రాళ్ళ చేత బ్రేకులు తొక్కించుకుని, అలిసిపోయి, చల్లారకుండా కొరొక్కె పట్టుకెళితే బాగుందని ఒక్క ముక్క అనడానికి నోరు రాదా? ఇలా అనుకుంటూనే, తనకెందుకు ఒళ్ళు మండుతోందో తెలిసి సిగ్గుపడేది. తెలియకపోవడానికి చిన్నపిల్లా ఏమన్నానా? గేటు పడగానే కొట్టులోంచి మెడ సాచి బూడిదరంగు టోపీ కోసం వెతికే మనిషికి, తనకేమయిందో తనకి తెలియదూ!

పక్కనే సోయా పెరుగు ముక్కలమ్మే తొమె అవ్వ ఉంది. పళ్ళు లేవు గానీ నోరుంది. కొట్టు ముందు పీట వేసుకుని కూర్చుని లోకాన్నంతా కనిపెడుతూ ఉంటుంది.

“ఏమే మిత్సుయో, జుట్టు దువ్వుకున్నావే! గేటు పడే వేళయిందా?”

“నీ పని చూసుకో అవ్వా. ఆయనకి పెళ్ళాం ఉంది.”

“నేనెవరి గురించీ అనలేదే తల్లీ!” అని బోసినోటితో పకపకా నవ్వేది అవ్వ.

పెళ్ళాం ఉన్న మగాడు. ఆ గీత దాటే మనిషి కాదు మిత్సుయో. గేటు పడ్డంతసేపూ మాట్లాడుకోవడం, వానల గురించి, స్టేషను చూరు కింద గూడు కట్టిన పిచుకల గురించి, ఎనిమిదోసారి కూడా పరీక్ష తప్పిన పూలకొట్టు ఆవిడ గురించి. గేటు లేవగానే ఆయన టోపీ సర్దుకుని అటుపక్క ఉత్తరం వీధుల్లోకి, తన ఇంటికి పోవడం. అదే చాలనుకుంది. రోజుకి అంత చాలు.

మరి దానికీ కాలం చెల్లింది. రైలుపట్టాలని స్తంభాల మీదికి ఎత్తేస్తున్నారు, ఇక గేటుండదు, దర్జాగా కిందనుంచి నడిచిపోవచ్చు అని చాలా ఏళ్ళుగా చెబుతూనే వచ్చారు. చెప్పీ చెప్పీ, నిజంగానే ఎత్తేశారు. గేటు ఆఖరి సాయంత్రం ఊరంతా వచ్చింది. ఇన్నేళ్ళూ తిట్టినవాళ్ళే కెమెరాలు పట్టుకుని ఆ చారల కర్రని ఫొటోలు తీసుకున్నారు. స్టేషను మాస్టరు తెల్ల చేతితొడుగులేసుకుని కర్రకి వంగి దండం పెట్టాడు. మనుషుల సంగతి అంతే, పోయే వేళకి గానీ ఎవరూ ముద్దురారు.

ఆ సందట్లో మినకుచి గారు నెమ్మదిగా కొరొక్కె తిన్నారు. రెండోది అందుకుని, టోపీ తీసి, నడుము వంచి, “ఇన్నాళ్ళూ మీకు చాలా శ్రమ ఇచ్చాను” అన్నారు.

‘రేపు కూడా రండి’ అన్న మాట మిత్సుయో గొంతు దాకా వచ్చింది. ఈలోగా కర్ర లేచింది. వెనకనుంచి జనం చప్పట్లు కొడుతూ తోసుకొచ్చారు. “ఆవిడని అడిగానని చెప్పండి” అని మాత్రం అనగలిగింది. ఆయన కుడి చూసి, ఎడమ చూసి, మళ్ళీ కుడి చూసి, దాటి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి రైళ్ళు నెత్తిమీద పోతున్నాయి. గంట లేదు, కర్ర లేదు. జనం ఆగే పనే లేదు. సైకిళ్ళు సర్రున పోతున్నాయి, బాణలి వాసన వాటి వెనక్కే ఉండిపోతోంది. పట్టాల కింద తళతళలాడే సూపర్‌మార్కెట్టు ఒకటి వెలిసింది. అందులో కొరొక్కెలు కూడా పెట్టారట. ఆ బెంగ మిత్సుయోకి లేదు. పాత ఖాతాదార్లు ఎలాగూ వస్తున్నారు. రానిది ఒక్కరే.

మొదటిరోజు పనుందేమో అనుకుంది. రెండోరోజు జలుబేమో అనుకుంది. ఆ తర్వాత అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. రోజూ ఆ వేళకి రెండు మంచివి ఏరి పక్కన పెట్టడం, కొట్టు కట్టేటప్పుడు వాటిని తనే తినడం. గొంతు దిగేవి కావు.

“ఇలా కళ్ళు కాయలు కాచేలా చూసే బదులు వెళ్ళి కనుక్కోవచ్చు కదే” అంది తొమె అవ్వ.

“ఏమని కనుక్కోను? ఇంట్లో ఆవిడ ఉంటే ఏం మొహం పెట్టుకుని...”

“కొరొక్కె తెచ్చానను. ఆవిడకే ఇవ్వు. కొట్టు మనిషివి, ఇంటికి తెచ్చిచ్చావు, అందులో తప్పేముంది? బతికున్నాడో లేదో తెలుస్తుంది గదా.”

ఆ ఆఖరి మాటకి మిత్సుయో పొయ్యి ఆపేసింది. రెండు కొరొక్కెలు కాగితంలో చుట్టుకుని, ఏప్రన్ కూడా విప్పకుండా, పట్టాల కిందనుంచి ఉత్తరం వైపుకి నడిచింది.

బియ్యం కొట్టతన్ని అడిగింది. ఆ పక్క ప్రతి గుమ్మానికీ బియ్యం మోసేవాడతను. “మినకుచీ? అలాంటి ఇల్లు ఈ వీధుల్లో లేదండీ” అన్నాడు. స్టేషను ముందు పోలీసు గదిలో అడిగింది, వాళ్ళూ తల అడ్డంగా ఊపారు. చివరికి వేణ్ణీళ్ళ స్నానశాల ముందు నీళ్ళు చల్లుతున్న ఆడమనిషిని ఆపి, బూడిదరంగు టోపీ, అటూ ఇటూ చూస్తూ నడిచే మాస్టారు అని ఆనవాళ్ళు చెప్పింది.

“ఓ, ఆయనా! ఎందుకు తెలీదు! రోజూ సాయంత్రం గేటు దాటి మా ముందునుంచే వెళ్ళేవారు. అదిగో, పాత పట్టాల మీది ఆ వంతెనెక్కి మళ్ళీ దక్షిణం పక్కకే దిగిపోయేవారు.”

“మా పక్కకా?”

“అవునండీ. మోకాళ్ళు నొప్పులనుకుంటా, కమ్మీ పట్టుకుని ఎక్కేవారు పాపం. ఒంటికి మంచిదని నడుస్తున్నారేమో అనుకున్నాం. ఎందుకండీ, ఏమైనా అయిందా?”

మిత్సుయో ఆ పాత ఇనుప వంతెన వైపు నడిచింది. పట్టాలు పైకెక్కాక దానితో ఎవరికీ పనిలేదు, రేపోమాపో పీకేసేలా ఉంది. మెట్లెక్కుతుంటే ఆవిడ మోకాళ్ళూ కలుక్కుమన్నాయి. సగం దూరంలో ఆగి ఊపిరి తీసుకుంది. చేతిలో పొట్లం తడిమి చూస్తే వేడి అప్పుడే దిగిపోతోంది. వానల్లో, మంచులో, ఈ మెట్లన్నీ ఎక్కి దిగారా ఈ మనిషి? రోజూనా? ఇటు ఇల్లే లేకుండా?

అటువైపు దిగితే ఎదురుగా డ్రైవింగ్ స్కూలు. లోపల కూర్చున్న పిల్ల కిటికీలోంచే వేలు చూపించింది. “మాస్టారి ఇల్లా? ఆ వెనక అపార్టుమెంటు, కింద వాటా.” తన కొట్టుకి ఏటి గట్టు వెంట నడిచొచ్చే దూరం. గేటు అవతల కాదు, ఇవతలే.

తలుపు తట్టింది. మినకుచి గారు తలుపు తీసి, అలవాటుగా కుడి చూశారు, ఎడమ చూశారు, మళ్ళీ కుడి చూశారు. అప్పుడు ఎదురుగా ఉన్న మనిషి కనిపించి కొయ్యబారిపోయారు.

“నెమొతో గారూ...”

ఆయన బతికే ఉన్నారు, నిక్షేపంలా ఉన్నారు. ఆ సంతోషం కళ్ళలో నీళ్ళుగా తిరిగితే, దాన్ని కప్పిపుచ్చుకోడానికి మిత్సుయో గొంతు గట్టిచేసింది. “మీ కోసం రాలేదండీ. ఆవిడకి కొరొక్కె ఇచ్చి పోదామని వచ్చాను. ఆవిడ ఉన్నారా?”

“ఉందండీ. లోపలికి రండి” అని పక్కకి జరిగారు.

గది గోడవారగా నల్లచెక్క గూడు. అందులో ఫొటోలో ఒకావిడ స్టీరింగు పట్టుకుని నోరారా నవ్వుతోంది. ఫొటో అంచులు ఎండకి వెలిసిపోయి ఉన్నాయి. పోయి ఎన్నేళ్ళయిందో!

మిత్సుయో అక్కడే కూలబడింది. ఛీ, నా బుర్రకేమైంది? రోజూ మొదటి కొరొక్కె పట్టుకెళ్ళి మొగుడి ఫొటో ముందు పెట్టేదాన్ని, ఇంకొకరి ఇంట్లోనూ అలాంటి గూడు ఉండొచ్చని ఒక్కసారైనా తట్టలేదే! ఏమీ అనదు, ఏమీ అనదు అని ఆయన ఉన్నమాటే చెబుతుంటే, నేనేమో పొగరుబోతు అని తిట్టిపోశాను. సాంబ్రాణి పుల్ల వెలిగించి, గంట మోగించి, చేతులు జోడించి, “అమ్మా, నిన్ను నానా మాటలూ అనుకున్నాను. ఏమీ అనుకోకు తల్లీ” అని పైకే చెప్పేసింది.

కళ్ళు తుడుచుకుని చూస్తే, ఫొటో ముందు పళ్ళెంలో ఒక కొరొక్కె ఉంది. ఏడుపంతా ఎగిరిపోయింది.

“ఇదేంటండీ ఇది?”

“అది... సూపర్‌మార్కెట్లో...”

“తెలుస్తూనే ఉంది, చీటీ కూడా పీకలేదు! ఆరిపోయి చెప్పుముక్కలా ఉంది! దీన్ని ఆవిడ ముందు పెడతారా? నోరు లేదనేగా?” పళ్ళెంలోది తీసేసి, తన పొట్లం విప్పి మంచిది పెట్టింది. “చూడండి, ఇదీ చల్లారిపోయింది. ఇన్నాళ్ళూ ఆవిడకి చల్లారిందే తినిపించారన్నమాట. సరిగ్గా నా కొట్టు నుంచి ఇంటికొస్తే పొగలు కక్కుతూ ఉండేది కదా! అటుపక్క మీకు ఇల్లే లేనప్పుడు ఆ గేటెందుకు దాటారండీ, ఆ వంతెనెందుకు ఎక్కారు, చెప్పండి!”

మినకుచి గారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పరీక్షలో తప్పిన కుర్రాడిలా కూర్చున్నారు.

“గేటు ముందు నిలబడినవాణ్ణి, అది లేచాక దాటకుండా వెనక్కి తిరిగితే చూసేవాళ్ళు ఏమనుకుంటారండీ? నా సంగతి సరే, మీ గురించి ఏమనుకుంటారు?”

“కొరొక్కె కోసం వచ్చారనుకుంటారు. కొట్టున్నది అందుకేగా!”

“కొరొక్కె కోసం వచ్చినవాడు కొనుక్కుని వెళ్ళిపోవాలండీ. నిలబడే హక్కు గేటు కోసం ఆగినవాడికే.” ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “నాకు నిలబడాలని ఉండేది.”

మిత్సుయో పొట్లం కాగితాన్ని మడతలు పెట్టసాగింది.

“ఇప్పుడు గేటు లేదు కదండీ” అన్నారాయన మెల్లగా. “వద్దామని రోజూ బయల్దేరతాను. గట్టు చివరిదాకా వచ్చి, ఏం చెప్పుకుని నిలబడనూ అని వెనక్కి తిరుగుతాను.”

‘రండి, ఏమీ చెప్పుకోకుండా నిలబడండి’ అనాలి. ఆ ముక్క అనలేక, “పొయ్యి మీద నూనె అలాగే వదిలొచ్చాను” అని అబద్ధమాడి లేచి వచ్చేసింది. గట్టు వెంట నడుస్తూ దారంతా తనని తానే తిట్టుకుంది.

మర్నాడు సాయంత్రం బాణలి ముందు నిలబడిందే గానీ మనసు మనసులో లేదు. కొరొక్కెలు ఒక వాయి మాడిపోయాయి కూడా. నెత్తిమీద రైళ్ళు పోతున్నాయి, కింద సైకిళ్ళు పోతున్నాయి.

“మిత్సుయో!” అని తొమె అవ్వ పీట మీంచే గుసగుసగా అరిచింది. “టోపీ!”

మినకుచి గారు వచ్చారు. పాత గేటు ఉన్నచోట, రోడ్డు మీద ఇంకా చెరగని తెల్లగీత దగ్గరికి వచ్చి, సరిగ్గా దాని ముందు ఆగారు. కుడి చూశారు. ఎడమ చూశారు. మళ్ళీ కుడి చూశారు. ఏ రైలూ లేదు, ఏ కర్రా లేదు, ఆగడానికి దిక్కుమాలిన కారణం ఒక్కటీ లేదు. కొట్టు వైపు చూసి, టోపీ అంచు తాకి, తల వంచి, పాపం ఇక చేసేదేం లేక అడుగు ముందుకెయ్యబోయారు.

“పోతున్నాడే, పోతున్నాడు!” అంది అవ్వ.

మిత్సుయో పొయ్యి కట్టేసింది. చేతులకి రొట్టెపొడి అలాగే ఉంది. కొట్టులోంచి ఒక్క అంగలో రోడ్డు మీదికొచ్చి, ఆయనకి అడ్డంగా కుడిచెయ్యి బారజాపి, ఊరంతా వినేలా గొంతెత్తింది.

“టంగ్! టంగ్! టంగ్! టంగ్!”

మినకుచి గారు టక్కున ఆగిపోయారు. రూలు ప్రకారం గీతకి ఇవతలే ఆగారు. వెనకాల సైకిలు మీద వస్తున్న పూలకొట్టావిడ కూడా పాత అలవాటుతో కీచుమని బ్రేకేసి కాలు కింద పెట్టింది. ఆవిడ వెనక ఇంకెవరో ఆగారు. తొమె అవ్వ నవ్వడం మరచి చూస్తోంది.

మిత్సుయో చెయ్యి దించలేదు. మొహం బాణలి కన్నా వేడిగా ఉంది.

“గేటు పడిందండీ మాస్టారూ. ఆగాలి.”

“ఆగానండీ” అన్నారాయన. చాపిన ఆ చేతినీ, దానికంటుకున్న రొట్టెపొడినీ చూశారు. “ఎప్పుడు లేస్తుందండీ ఇది?”

“లేవదండీ” అంది మిత్సుయో.

మినకుచి గారు ఈసారి కుడి చూడలేదు, ఎడమా చూడలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎదురుగా ఆవిడనే చూస్తూ అక్కడే నిలబడిపోయారు.